ఒక్క కణం తగ్గినా ఒప్పుకోను

అత్తయ్యకు ఒకటే జబ్బు. ఎవరి ముఖం కనబడినా, దాని మీది మచ్చను కణాల్లో కొలిచేస్తుంది. కాలేజీలో జీవశాస్త్రం చెప్పీ చెప్పీ తెచ్చుకుందని మామయ్య అంటాడు. పెళ్లయ్యాకే పట్టుకుందని నాయనమ్మ అంటుంది.

మేనకోడలితో బస్సెక్కిన రోజు, కండక్టరు టికెట్టు చింపుతుంటే, "నీ గడ్డం మీది పుట్టుమచ్చ అడ్డంగా వంద కణాలుంటుంది బాబూ," అంది.

"కణాలా? పాకుతాయామ్మా?"

"చర్మానికి ఇటుకల్లాంటివి. నీ తలవెంట్రుక మందంలో రెండో మూడో పడతాయి."

వెనకసీటాయన మెడ చాచాడు. "నా పులిపిరి కూడా కాస్త చూద్దురూ!"

దిగేసరికి బస్సంతా ఎవరి ముఖం వాళ్లు తడుముకుంటోంది.

మామయ్య వాళ్ల ఆఫీసరు ఇంటికొస్తే ఆయన్నీ వదల్లేదు. "మీ ముక్కు మీది మొటిమ కణం కాదండీ, పట్టణం!" ఆయన మేనకోడలు ఇచ్చిన కాఫీ సగంలో వదిలేసి అద్దం ఎక్కడని అడిగాడు.

మేనకోడలు సిగ్గుతో చచ్చిపోయేది. ఆ పిల్లకు పుట్టుకతోనే కంటి కింద నుంచి దవడ దాకా ఎర్రటి మచ్చ. "నాతో వచ్చినప్పుడైనా నోరు కట్టుకో అత్తయ్యా!" అని పోరేది. వింటేగా!

కొత్త ఉద్యోగానికి ఫోటో కావలసి వచ్చి ఇద్దరూ స్టూడియోకి వెళ్లారు. ఫోటోగ్రాఫరు కెమెరా మీంచి తల పైకెత్తాడు.

"ఆ మచ్చ కంప్యూటర్లో తీసేస్తాలే అమ్మాయ్. ముఖం అటు తిప్పు."

"ముందు మీ నుదుటి మీద మచ్చ సంగతి చూసుకోండి. అడ్డంగా నూట యాభై కణాలు!" అంది అత్తయ్య.

అతను అద్దం దగ్గరికి పరుగెత్తాడు. "ఏదండీ? కనబడదే!"

మేనకోడలు కూడా చూసింది. తోమిన పళ్లెంలా ఉంది నుదురు. ఒక్క కణం కూడా ఎక్కువ తక్కువ చెప్పని మనిషి అబద్ధమాడింది! బస్సులో, ఇంట్లో, ఎక్కడైనా సరే, అత్తయ్య నోరు విప్పాక తన చెంప చూసే తీరిక ఎవరికీ ఉండేది కాదని ఆ పిల్లకు అప్పుడు తట్టింది.

"ఇన్నేళ్లూ ఇందుకేనా అత్తయ్యా?"

"ఎందుకే? లైటు సరిగా లేదు, పొరబడ్డాను."

"సరే. ఇక నువ్వు ఊరుకో, నేను చూసుకుంటా." స్టూలు మీద నిటారుగా కూర్చుని, మచ్చ ఉన్న చెంపను లైట్లకేసి తిప్పింది. "ఫోటో తీయండి. ఇక్కడ ఇరవై లక్షల కణాలున్నాయి. ఒక్కటి తగ్గినా ఒప్పుకోను!"

ఫోటోగ్రాఫరు బటను నొక్కాడు.

"అది పైపొర లెక్కేనే," అంది అత్తయ్య, ముక్కు చీదుకుంటూ.