నాన్న పడవ చెక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు నా బొమ్మలు అమ్మిపెట్టే గ్యాలరీ ఆయన మీద ఫోన్లో అరిచేశాను గానీ, తప్పు ఆయనది కాదు, నాది.

"ఇరవై ప్రింట్లూ వచ్చేశాయి మేడమ్. ఇక ఆ చెక్క మీద గీత గీసి ఫోటో పంపితే, కొన్నవాళ్లకి బొమ్మలు పంపేస్తాను" అన్నాడాయన. మా పనిలో పద్ధతే అది. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితానికి అద్దుతాం. ఇరవై అని చెప్పామంటే ఇరవయ్యే. ఇరవై ఒకటోది పుట్టకుండా ఆ చెక్కని మన చేత్తోనే బొమ్మ మీద గీత గీసి పాడుచెయ్యాలి. అలా చేస్తానని సంతకం పెట్టి ఇచ్చాను కూడా.

కానీ ఆ చెక్క నాది కాదే! మా నాన్న పడవది.

నాన్న పోయాక ఆ పడవని విప్పేశారు. ఊళ్లో అప్పటికే అన్నీ ఫైబర్ పడవలు. అక్క మాత్రం పక్కచెక్కలోంచి మూరెడు ముక్క కోయించి ఇంట్లో పెట్టుకుంది. ఏటా వేట నిషేధం అయిపోయి పడవలు మళ్లీ సముద్రం మీదికి వెళ్లే రోజున దాన్ని కడిగి, పసుపు రాసి, కుంకుమ పెడుతుంది. అలాంటి దాన్ని నేను బతిమాలి, బామాలి, మన చిన్నప్పటి బొమ్మ దీని మీదే చెక్కాలక్కా అని ప్రాణం తీసి తెచ్చుకున్నాను. "చెక్కుకో. పనైనాక నా చెక్క నాకు తెచ్చియ్యి" అంది. గంగిరెద్దులా తలూపాను. గీత సంగతి చెప్పలేదు. చెబితే ఇవ్వదని తెలుసు.

బొమ్మలో పెద్ద విశేషమేమీ లేదు. అమ్మ ఇసుకలో నెత్తళ్ల చేపలు ఎండబోసి, కాకులూ కుక్కలూ రాకుండా మమ్మల్ని కాపలా పెట్టేది. పొద్దు వాలేసరికి, ఒరిగి ఉన్న పడవ నీడలో ఇద్దరం నిద్రపోయేవాళ్లం. కాకులకి పండగ, మాకు సాయంత్రం తిట్లు. పడవ వైపు నేను, సముద్రం వైపు అక్క. గాలికి లేచిన ఇసుకంతా దాని వీపుకే కొట్టేది. నా కళ్లలో పడకుండా నా మొహం మీద చెయ్యి అడ్డం పెట్టేది. దానికప్పుడు తొమ్మిదేళ్లుంటాయేమో, నాకు ఐదు.

ఆ ఇరవైలోకి రాని, సరిచూసుకోవడానికి మొదట తీసిన ప్రింటుని చుట్టి గొట్టంలో పెట్టి, చెక్కని పాత చీరలో కట్టి, అక్క వాళ్లూరికి తోటపల్లి గూడూరు బస్సెక్కాను. దిగేసరికి అక్క ఇంటి ముందు నెత్తళ్లు ఏరుతోంది. చేతులు కొంగుకి తుడుచుకుని ప్రింటు విప్పి చూసింది.

"ఏమ్మే, నా ముక్కు ఇంత లావుగా చెక్కినావు?"

"ఉన్నదే చెక్కినా."

"నీ మొహం మీద నా చెయ్యి ఉండాల గదా?"

"ఉంది, సరిగ్గా చూడు."

చూసింది. చాలాసేపు చూసింది. "ఆఁ, ఉంది" అని, ప్రింటు పక్కన పెట్టి చెక్కని తీసి కళ్లకద్దుకుంది. రంగుతో నల్లగా అయిపోయి ఉంది. కడిగి పసుపు రాస్తానని లేవబోతుంటే, ఇక దాచలేక గీత సంగతి చెప్పేశాను.

అక్క చెక్కని ఒళ్లోకి లాక్కుంది.

"తీసుకపొయ్యేటప్పుడు నోరు పెగల్లేదా నీకు?"

"చెబితే ఇచ్చేదానివా?"

"ఇయ్యను. ఇంక నాన్నదని ఈ ముక్కే గదే ఉండేది మనకు!"

తప్పు నాదైనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువొస్తుంది, అదేం రోగమో. "సరే, వద్దులే. ఇరవై మందికీ బొమ్మ లేదని చెప్పేస్తా. నన్నే దొంగనుకోనీ!" అని అరిచాను.

"అరవబాక. గీస్తానని మాట ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"నాన్న ఒకరికి చేపలిస్తానని చెప్పి ఇంకొకరికి ఎన్నడన్నా పోసినాడా?"

అక్క చెక్కని నా ముందుకు తోసింది.

"గీయి మరి."

సంచిలోంచి ఉలి తీశాను. ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా గీద్దామని ఆనించానో లేదో, అక్క నా మణికట్టు పట్టేసుకుంది.

"ఆగవే! అట్టా గీస్తే పిల్ల మీద పడదా?"

ఏ పిల్ల అని తెల్లబోయి చూశాను. బొమ్మలో నన్ను చూపిస్తోంది.

"వాళ్లకి గీతుంటే సాలు గదా? ఈ కొస నుంచి ఆ కొసకి నా మీద లాగు. పాపం, దాని జోలికి పోబాక."

అని, నెత్తళ్ల వాసన కొట్టే అరచేతిని చెక్క మీద ఆ చిన్నదానికి అడ్డంగా పెట్టి కూర్చుంది. ఏడుస్తూనే గీశాను. బొమ్మలో అక్క భుజం నుంచి పాదం దాకా లోతుగా, నిలువునా గీత పడింది. పక్కన కూర్చున్న అక్క రెప్ప కూడా వేయలేదు. చెయ్యి తియ్యకముందే ఫోటో తీసి పంపేశాను.

కాసేపటికి గ్యాలరీ ఆయన ఫోన్ చేశాడు.

"గీత బాగా కనిపిస్తోంది మేడమ్. కానీ ఎవరిదో చెయ్యి అడ్డం వచ్చింది. అది తీయించి ఇంకో ఫోటో పంపుతారా?"

అక్క వైపు చూశాను. చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

"తియ్యదండీ" అన్నాను. "చిన్నప్పటి నుంచీ అంతే."