గ్యాస్ నూనె కాదు, గ్యాస్

మా వరంగల్ వైపు కిరోసిన్‌ను గ్యాస్ నూనె అంటారు. ఆ ఒక్క మాట ఒకనాడు మా ఇంటిని నిలువునా కాల్చబోయింది.

నేను పరకాల నుంచి కోడలిగా వచ్చేనాటికే అత్తమ్మ ఏళ్ల తరబడి వత్తుల స్టవ్ మీద వండుతోంది. ముందు మర తిప్పి వత్తులు పైకి లేపడం, అవి నూనె పీల్చుకునేదాకా ఆగడం, తర్వాత తీరిగ్గా అగ్గిపుల్ల గీయడం ఆమె పద్ధతి. ఇల్లంతా గ్యాస్ నూనె వాసనే. ఒక్కోరోజు అన్నం కూడా అదే వాసన కొట్టేది. ఆ పొగకు నాకు దగ్గు పట్టుకుంది. ఎనభైల మొదట్లో మా ఆయన కాళ్లరిగేలా తిరిగి గ్యాస్ కనెక్షన్ సంపాదిస్తే నా సంతోషం అంతా ఇంతా కాదు. అత్తమ్మకు మాత్రం ఆ గ్యాస్ బండ వంటింట్లోకి రావడమే గిట్టలేదు. ఏ చిన్న ప్రమాదం జరిగినా బండను వాపస్ పంపిస్తానని మామయ్య ముందే చెప్పాడు. అంటే నాకు మళ్లీ ఆ పొగే గతి.

బిగించడానికి వచ్చినతను ఎలా వెలిగించాలో, ఎలా ఆర్పాలో మామయ్యకూ మా ఆయనకూ చూపించాడు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు. ఇద్దరిలో ఒక్కరికీ టీ పెట్టడం కూడా రాదు. నేను తలుపు చాటు నుంచి మెడ సాచి విన్నాను. పరాయి మనిషి ఉన్నాడని అత్తమ్మ పెరట్లోనే ఉండిపోయింది. తర్వాత నేను చెప్పబోతే, పొయ్యి వెలిగించడం నువ్వు నాకు నేర్పుతావా అన్నట్టు చూసింది.

కొన్నాళ్లు గ్యాస్ పొయ్యి నేనే వెలిగించాను. ఒక సాయంత్రం కూరగాయలు తీసుకుని ఇంట్లో అడుగు పెట్టానో లేదో, గుప్పున వాసన. అత్తమ్మ తన పాత అలవాటు ప్రకారం గ్యాస్ స్టవ్ మర తిప్పి, వత్తులు నానాలి కదా అన్నట్టు తీరిగ్గా అగ్గిపెట్టె వెతుక్కుని వచ్చింది. చేతిలో పుల్ల ఉంది. ఇంత వాసన వస్తోందేమిటని అడిగాను.

"గ్యాస్ వాసన రాక అత్తరు వాసన వస్తదా?" అని పుల్లను పెట్టెకు ఆనించింది.

"గీకకు," అన్నాను గట్టిగా.

అప్పటిదాకా ఆమెను మీరు అనే తప్ప నువ్వు అన్న పాపాన పోలేదు. ఆ క్షణాన మర్యాద ఎవరికి గుర్తుంటుంది? పెట్టె లాక్కున్నాను. మర కట్టేసి, బండ దగ్గరా కట్టేసి, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచాను. లైటు స్విచ్ మీదికి పోతున్న ఆమె చేయి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. ఆమె ఇంకా కోపంగానే ఉంది. ఇది నూనె కాదు, గాలిలా ఇల్లంతా నిండే గ్యాస్ అనీ, పుల్ల గీస్తే ఇద్దరం కాలిపోయేవాళ్లమనీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మామయ్య వచ్చి సంగతి విని, రేపే బండను వాపస్ ఇచ్చేద్దామన్నాడు. నాకు ఏడుపొచ్చింది. పైగా నేను గీకకు అన్న మాట అత్తమ్మ ఎక్కడ బయటపెడుతుందోనని భయం.

బయటపెట్టింది.

"కోడలు నన్ను గీకకు అన్నది. అనకపోతే ఈయాల నేను లేను. బండ యాడికీ పోదు. వండేది మేము, నేర్పింది మీకు. ఇగ వంటింటి ముచ్చట జర మాకిడ్సిపెట్టుండ్రి."

మామయ్య సరేనన్నాడు. నాకైతే ఎగిరి గంతేయాలనిపించింది.

మర్నాడు పొద్దున అత్తమ్మ నా పక్కన నిలబడి ముందు పుల్ల గీసింది, తర్వాత మర తిప్పింది. నీలిమంట లేవగానే చిన్నపిల్లలా నవ్వింది. ఆ తర్వాత మా గల్లీలో ఎవరింటికి కొత్తగా గ్యాస్ వచ్చినా ఆడవాళ్లు ఆమెనే పిలుచుకుపోయేవారు. ఆమె నన్నూ వెంటబెట్టుకుని పోయి, పుల్ల ముందు, మర ఎన్క అని దగ్గరుండి చేయించేది. ఇవన్నీ నీకెవరు నేర్పిండ్రని అడిగితే, అందరి ముందూ నా భుజం మీద చేయి వేసి చెప్పేది.

"నా కోడలు."