ఫ్లాపీలో పట్టిన తేనెపట్టు

మొన్న మా కోడలు ఆఫీసు మీటింగు కోసం ఫోనులోనే స్లైడులు తయారుచేస్తూ, వేలకొద్దీ బొమ్మల్లో ఏది ఎంచుకోవాలో తెలియక నన్ను సలహా అడిగేసరికి, గిద్దలూరు బస్టాండు దగ్గర మేడమీద నేనూ మా ఆయనా నడిపిన కంప్యూటర్ సెంటరు గుర్తుకొచ్చింది. ఫ్లాపీ అంటే ఏమిటో మన వయసువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు కదా.

పెళ్ళిపత్రికలూ అర్జీలూ టైపు చేయడమే అప్పట్లో మా పని. ఒకరోజు నల్లమల అంచున తేనె తీసే కుటుంబాల సంఘానికి నాయకురాలైన ఒక పెద్దమ్మ, చేతిలో ఫ్లాపీతో మెట్లెక్కి వచ్చింది. మార్కాపురానికి వస్తున్న తేనె కంపెనీవాళ్ళ ముందు తమ సరుకు గురించి ఆవిడే చెప్పాలట. వాళ్ళు పంపిన నమూనా ప్రకారం స్లైడులు ఐదే ఉండాలి, అంచు రంగు మార్చకూడదు, అంతా ఆ ఒక్క ఫ్లాపీలోనే ఇమడాలి. స్కాన్ చేసిన ఫొటో ఒక్కటి పెట్టేసరికే ఫ్లాపీ నిండిపోయింది, చిన్నది చేస్తే మసకమచ్చలా కనిపించింది. సరే, మాటలతోనే నింపుదామని పేరాలు టైపు చేస్తుంటే పెద్దమ్మ మెల్లగా అన్నది.

"నాకు చదువు రాదు పాపా. నేను చూసి చెప్పేదానికి ఏమన్నా ఉండాల గదా!"

చూసేవాళ్ళ గురించే తప్ప చెప్పే మనిషి గురించి నేను ఆలోచించనే లేదు. సిగ్గేసి, టైపు చేసిందంతా చెరిపేసి, కంప్యూటరులో ఉన్న గీతలతో, సున్నాలతో కొండనూ, పట్టు దగ్గరికి దిగే తాడునూ, తేనెపట్టునూ గీయడం మొదలుపెట్టాను. వాటికి ఫ్లాపీలో పెద్దగా చోటు అక్కర్లేదు. సాయంత్రం దాకా పక్కనే కూర్చుని ఆవిడ ప్రతి గీతనూ సరిచేయించింది. చివరి స్లైడులో పట్టు మొత్తం కోసినట్టు గీసేసరికి మాత్రం ఆవిడకు కోపమే వచ్చింది.

"ఏంది పాపా ఇది? అంతా కోస్తే ఈగలు మళ్ళ వస్తాయా? మా నాయన ఎప్పుడైనా కొంత వదిలిపెట్టే కిందికి దిగినాడు. మేమూ అట్లనే."

కోసేది ఇంతవరకే అన్నట్టు పట్టుకు అడ్డంగా ఒక చుక్కల గీత గీశాను. అంతకుమించి ఆ స్లైడులో ఏమీ లేదు.

స్లైడులు మార్చే మీట నొక్కడానికి నేనూ మార్కాపురం వెళ్ళాను. నాలుగు స్లైడులయ్యేదాకా కంపెనీవాళ్ళు గడియారాలు చూసుకుంటూనే ఉన్నారు. ఐదోది రాగానే వాళ్ళలో ఒకాయన ఆ చుక్కలేమిటని అడిగాడు. పెద్దమ్మ తెర దగ్గరికి నడిచి, గీత మీద చెయ్యి పెట్టి, నాకు చెప్పినట్టే చెప్పింది. ఆ తర్వాత వాళ్ళు అడుగుతూనే ఉన్నారు, ఆవిడ తడుముకోకుండా చెబుతూనే ఉంది. ఆ ఏడు సంఘం తేనె మొత్తం తామే తీసుకుంటామని చెప్పి లేచారు. తిరుగు బస్సులో పెద్దమ్మ, "నువ్వు గీసినావు, నేను చెప్పినా. సరిపాయె" అని నవ్వి, అట్లనే నిద్రపోయింది.

తర్వాత ఇలాంటి స్లైడులు ఎన్నో చేశాను, కావలసినన్ని ఫొటోలతో, రంగులతో. రానురాను మనుషులు మేడ ఎక్కిరావడం మానేశారు. విషయం ఫోనుకే పంపేవారు, నేనూ ఫోనుకే తిప్పి పంపేదాన్ని. సెంటరు మూసేనాటికి, నేను ఎవరి కోసం స్లైడులు చేస్తున్నానో వాళ్ళ ముఖాలు కూడా నాకు తెలియవు. తప్పు చేస్తే కోప్పడి, తమ బతుకెట్లా గడుస్తుందో చెప్పేవాళ్ళు లేకుండాపోయారు. పని మాత్రం తొందరగా అయిపోయేది.