వేలితో నొక్కి చూసే పెద్ద సిస్టర్

దవాఖానలో మేం పెద్ద సిస్టర్ అని పిలిచే హెడ్ నర్సు చనిపోయిందని మొన్న కాశిబుగ్గ అంగట్లో కూరగాయలు కొంటుంటే తెలిసింది. ఆమె దగ్గర పనిచేసిన ఆయమ్మ చెప్పింది. అక్కడే అరుగు మీద కూలబడ్డాను. మా బాపును బతికించిన మనిషి ఆమె. అలాంటి మనిషికి నేను అబద్ధం చెప్పాను. అది ఒప్పుకోకుండా ఆమె గురించి రాయడం నా వల్ల కాదు.

ఎమర్జెన్సీ పోయిన ఏడాది. మగ్గం మీద కూర్చున్న బాపు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. పక్షవాతం. ఎడమ పక్క చచ్చుబడింది, మూత్రం ఆపుకోలేకపోయేవాడు. అమ్మ లేదు. దవాఖానలో తోడు నేనొక్కదాన్నే.

పెద్ద సిస్టర్ పొద్దున రాగానే బాపును పక్కకు తిప్పి, నడుము కింద ఎర్రబడిన చోట వేలితో నొక్కి తీసేది. తెల్లబడి మళ్లీ రంగు తిరిగితే ఫర్వాలేదు. నొక్కినా ఎరుపు పోకపోతే లోపల కండ చెడుతున్నట్టు. తడిలో చర్మం నానుతుందనీ, పుండు పడితే ఎముక దాకా పోతుందనీ, మనిషి దాంతోనే పోవచ్చనీ ఆమె మొహమాటం లేకుండా చెప్పేది. కడిగాక రుద్దకు, అద్దు అనేది. అన్నీ చేశాను. అయినా ఐదో రోజు నొక్కితే ఎరుపు పోలేదు.

నీళ్లు మంచిగా తాగుతున్నాడా అని అడిగింది. తాగుతున్నాడన్నాను.

అబద్ధం! కూతురు తన బట్ట మార్చడం బాపుకు చావుతో సమానం. నీళ్లు తాగకుంటే తడవను కదా అని గొంతు తడుపుకొని ఊరుకునేవాడు. తడిసినా చెప్పేవాడు కాదు. ఈ సంగతి సిస్టర్‌కు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. చెంబులో నీళ్లు నేనే పారబోసేదాన్ని. చర్మం పొడిగా ఉంటుందిలే అనుకున్నాను, బుద్ధి తక్కువదాన్ని.

సిస్టర్ బాపు కింద వేసిన బట్ట తీసి చూసింది. ముదురు పసుపు మరక, ముక్కు పగిలే వాసన. ఆమెకు అర్థమైపోయింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్టూలు లాక్కొని బాపు దగ్గర కూర్చుంది.

"అన్నా, నీళ్లు బంద్ జేస్తే మూత్రం ఆగదు. చిక్కవడి తోలును ఇంకింత కాలుస్తది. తడిస్తే మార్చుతం, ఫికర్ జెయ్యకు. సిగ్గు కోసం పానం తీసుకుంటవా? నువ్వు పోతె ఈ పిల్లకు ఎవరున్నరు?"

బాపు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె గ్లాసు పట్టుకొని కూర్చునే ఉంది. చాయ్ తాగే టైం దాటినా లేవలేదు. చివరికి బాపు తల తిప్పి నోరు తెరిచాడు. గుక్క గుక్కా తాగించింది.

మధ్యాహ్నం వార్డు నిండా చూడవచ్చిన చుట్టాలు. ఇంత మందిలో బాపు నోరు విప్పుతాడా అనుకున్నాను. సిస్టర్ డ్యూటీ దిగి గుమ్మం దాకా పోయింది.

"బిడ్డా, తడిసింది. బట్ట మార్చు," అన్నాడు బాపు, అందరికీ వినపడేటట్టు.

సిస్టర్ గుమ్మంలోనే ఆగింది. వెనక్కి తిరిగి, బీరువాలోంచి ఉతికిన దుప్పటి తీసుకొని, కళ్లు తుడుచుకుంటూ మా మంచం వైపు నడిచి వచ్చింది.