పవర్ హాలిడే ఎత్తేశాక ఆగిన సర్వర్

2008లో నన్ను నాచారం పారిశ్రామికవాడలోని ఒక మందుల ఫ్యాక్టరీకి సిస్టమ్స్ మేనేజర్‌గా బదిలీ చేశారు. అక్కడ సర్వర్లు చూసే అడ్మినిస్ట్రేటర్ సత్యం. ఉప్పల్ డిపో వెనక ఉండేవాడు, కాంట్రాక్టు ఉద్యోగి. పోయినేడాది చనిపోయాడు. అతన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ సంగతే.

నేను చేరేనాటికి కొత్త సర్వర్ వచ్చి ఉంది. సరుకు బయటికి పంపే బిల్లులు, గేట్ పాసులు దాని మీదే తయారవ్వాలి. అయితే అందులోని డిస్కులను మామూలు ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించలేదు. డెవలప్‌మెంట్ వెర్షన్ గుర్తించింది. తయారుచేసేవాళ్లు ఇంకా తప్పులు దిద్దుతూ, పరీక్షించి చూడమని బయటికి వదిలేదాన్ని అలా అంటారు. నడుస్తున్న పనిని దాని మీద పెట్టకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. పాత సర్వర్ ఆఖరి దశలో ఉండటంతో హెడ్డాఫీసు అనుమతి తీసుకుని పెట్టాం. వేసవంతా అది ఒక్కసారి కూడా మొరాయించలేదు.

వర్షాలు పడ్డాక ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలైంది. మొదటిసారి వైరింగును అనుమానించాం, తర్వాత ఏసీని. బిల్లులు రాక లారీలు గేటు దగ్గర నిలిచిపోయేవి. డిస్పాచ్ ఇన్‌చార్జి మల్లేశం వచ్చి మా గుమ్మంలో నిలబడేవాడు.

“ఏంది సత్యమన్నా, నీ డబ్బా మల్ల పండుకున్నదా? జర లేపు. లారీలోళ్లు నన్ను తింటున్నరు.”

“లేపుతున్ననే. నువ్వు గట్ల సూస్తుంటే దానికి సిగ్గయితుంది.”

జనరల్ మేనేజర్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఇంకోసారి లారీలు ఆగితే సర్వర్ల పని బయటి సంస్థకు ఇచ్చేస్తానని, సత్యం కాంట్రాక్టు పొడిగించనని నాతో చెప్పారు. ఆ మాట నేను సత్యానికి దాచకుండా చెప్పాను.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర, వేసవికీ ఇప్పటికీ ఏం మారిందని ఇద్దరం ఆలోచించాం. కొత్త ప్రోగ్రాములు లేవు, మనుషులు మారలేదు. సత్యం తినడం ఆపి, కరెంటు మారిందన్నాడు.

ఆ వేసవిలో ఫ్యాక్టరీలకు వారంలో ఒకరోజు పూర్తిగా కరెంటు ఆపేసేవారు. దాన్నే పవర్ హాలిడే అనేవాళ్లం. ఆరోజు సర్వర్‌ను కూడా ఆపి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవాళ్లం. వర్షాలతో ఆ కోత ఎత్తేశారు. అప్పటినుంచి దానికి విరామం లేదు.

“వారం వారం మనమే దాన్ని బతికిచ్చినం సార్. అదేమో మస్తు గట్టిదని మురిసినం,” అని సత్యం కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను.

వెళ్లి చూస్తే అతను చెప్పిందే నిజం. ఆ వెర్షన్‌లోని ఒక భాగం, పని అయిపోయాక కూడా తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వడం లేదు. ఖాళీ మెమరీ రోజురోజుకీ తగ్గుతూ దాదాపు అడుగంటింది. మల్లేశానికి చెప్పి, లోడింగ్ వాళ్లు టీకి వెళ్లినప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టాం; మెమరీ అంతా మళ్లీ ఖాళీ అయింది.

“అయితే ఊరందరికీ ఎత్తేసిన్రు గని, మీ డబ్బాకు ఇంక పవర్ హాలిడే ఉన్నట్టే,” అన్నాడు మల్లేశం. ఈ మాట చేరవేస్తే జనరల్ మేనేజర్ కూడా నవ్వారు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సర్వర్‌ను ఆపి మొదలుపెట్టాం. లారీలు మళ్లీ ఆగలేదు. ఆ డిస్కులను గుర్తించే స్థిరమైన వెర్షన్ రాగానే దానికి మారిపోయాం. సత్యం కాంట్రాక్టు పొడిగించారు, తర్వాత పర్మినెంట్ చేశారు. ఆ కబురు వచ్చిన రోజు మల్లేశం డిస్పాచ్ వాళ్లందరినీ వెంటబెట్టుకుని వచ్చి, సర్వర్ గది బయట అందరికీ మిఠాయి పంచాడు.

సర్వర్ నిలకడగా ఉందని చెప్పడానికి, అది ఎన్నాళ్లుగా పనిచేస్తోందో తెలిస్తే చాలదు. ఆపకుండా ఎన్నాళ్లు పనిచేసిందో తెలియాలి. ఆ తర్వాత ఏ కొత్త వెర్షన్ వచ్చినా, ఇద్దరం ముందు అడిగింది ఈ రెండో ప్రశ్నే.