నర్సింగ్ సార్ దిద్దమన్న నోట్‌బుక్

నిన్న పొద్దున టీ పెట్టుకుంటుంటే కవిత ఫోన్ చేసింది.

"అక్కా, నాన్న పోయిండు."

"ఏ నాన్న?" అన్నాను. అంత తెలివితక్కువ ప్రశ్న నా జన్మలో అడగలేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా అలాగే నిలబడిపోయాను.

కవిత నర్సింగ్ సార్ కూతురు.

మా సార్ ఇక లేరు.

నా పాత స్టూడెంట్స్ చాలామంది ఈ పేజీలో ఉన్నారు. మీకు డ్రాయింగ్ నేర్పింది నేను. నాకు నేర్పింది ఆయన.

డెబ్బైల నాటి మాట. నాన్నగారి ఆఫీసు ఉద్యోగం కోసం మేం కోస్తా నుంచి వచ్చి పాతబస్తీ దబీర్‌పురాలో ఒక గల్లీలో అద్దెకు దిగాం. సార్‌ది అదే గల్లీ. షాపులకు సైన్‌బోర్డులు రాసేవారు. సాయంత్రం పని అయ్యాక అరుగు మీద ఐదారుగురు పిల్లలకు డ్రాయింగ్ చెప్పేవారు. నాకప్పుడు పదేళ్లు.

నేను నెమలి బొమ్మ నేర్చుకుందామని వెళ్లాను. మొదటి నెలంతా గీతలే.

నిలువు గీతలు, అడ్డ గీతలు, ఆ తర్వాత సున్నాలు. పాత వాల్‌పోస్టర్ల వెనకవైపు. స్కేల్ లేదు, రబ్బరు లేదు. చెయ్యి మణికట్టు దగ్గర కాదు, భుజం నుంచి కదలాలి. బోర్ కొట్టి చచ్చేదాన్ని.

ఆయన టిక్కులు, మార్కులు వేసేవారు కాదు. గీత ఎక్కడ వణికితే అక్కడ ఎర్ర పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేవారు.

"ఈడ నీ చెయ్యి భయపడ్డది. రేపు ఈడికెల్లి జర పైలంగ పో."

అంతే. జాగ్రత్తగా గియ్యమనడమే తప్ప తిట్టింది లేదు.

ఒకరోజు వంద సున్నాలు గీసుకురమ్మన్నారు. నాకేమో ఒళ్లు బద్ధకం. అమ్మ గాజు పెట్టి గీసేశాను. వందకి వంద గుండ్రంగా వచ్చాయి. చుక్క పెట్టడానికి చోటు దొరకదులే అని మురిసిపోయాను.

ఆయన షీటు అటూ ఇటూ తిప్పి చూశారు.

"గాజు మస్తు గీసింది బిడ్డా. దానికి ఫస్ట్ ర్యాంక్. ఇగ నువ్వు గియ్యి."

పిల్లలంతా నవ్వారు. ఏడుస్తూనే గీశాను. ఒక్క సున్నా సరిగ్గా మూసుకోలేదు. ఆయన పక్కనే కూర్చుని ప్రతిదానికీ ఓపిగ్గా చుక్క పెట్టారు.

ఆ చుక్కలతోనే నేను డ్రాయింగ్ టీచర్‌నయ్యాను. ముప్పయ్యేళ్లపాటు మీ నోట్‌బుక్కుల్లో పెట్టిన ఎర్ర చుక్కలు నావి కావు. ఆయనవి.

పోయినేడు సార్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అన్ని బోర్డులు రాసిన చెయ్యి.

రెండు నెలల కింద ఆయనే ఫోన్ చేశారు. మాట ముద్దగా వస్తోంది.

"సుజాతా, ఎడమ చేత్తోని మొదటికెల్లి షురూ చేసిన. నువ్వొచ్చి దిద్దు."

"వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను సార్" అన్నాను.

ఆ ఆదివారం ఏదో ఫంక్షన్. తర్వాతి ఆదివారం మోకాళ్ల నొప్పులు. ఆ తర్వాతిది ఏమిటో గుర్తు కూడా లేదు.

నేనుండే ఉప్పల్ నుంచి దబీర్‌పురా ఎంత దూరమని? రాయడానికే సిగ్గుగా ఉంది.

నిన్న వెళ్లాను.

సార్‌ను తీసుకుపోయాక ఇంట్లో ఆడవాళ్లమే మిగిలాం. కవిత ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

నిలువు గీతలు. అడ్డ గీతలు. తర్వాత పేజీలకు పేజీలు సున్నాలు. అన్నీ వంకరటింకరగా, పదేళ్లప్పుడు నేను గీసినట్టే ఉన్నాయి.

"గ్లాసు పెట్టి గియ్యరాదు నాన్నా అంటే వినలేదక్కా. సుజాత పట్టేస్తది అన్నడు."

నోట్‌బుక్ మధ్యలో ఎర్ర పెన్సిల్ ఉంది. కొత్తగా చెక్కింది. నాకోసం పెట్టి ఉంచారు.

ఈ పొద్దున కూర్చుని మొదటి పేజీ నుంచి దిద్దాను. వణికిన ప్రతి చోటా చుక్క పెట్టాను. సగం చుక్కలు నా కన్నీళ్లకే తడిసిపోయాయి.

చివరి సున్నా మూసుకోలేదు. అక్కడ చుక్క పెట్టబోయి ఆగిపోయాను.

చుక్క అంటే రేపు మళ్లీ గియ్యమని.

ఎవరికి చెప్పను?

వెళ్లిరండి సార్. దిద్దడానికి ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. మీరు వెళ్లిన చోట మీ చెయ్యి వణక్కుండా, మీ మనసు హాయిగా ఉండాలి.