ఎర్ర ఫోను తెచ్చిన మేనత్త

ఆ రోజుల్లో ఫోను మోగితే ఎవరికోసమో ఊహించడం మాకు ఒక ఆట. మాకోసమే అయ్యుంటుందన్న నమ్మకం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు. ఎనభైల చివరి మాట ఇది. ఆదోనిలో మా వీధి మొత్తానికి రెండే ఫోన్లు. ఒకటి వీధి చివర వకీలుగారిది. ఆయన దాని పక్కనే కుర్చీ వేసుకుని కేసుల కట్టలు తిరగేస్తూ కూర్చునేవారు కాబట్టి ఆ ఛాయలకు ఎవరూ పోయేవారు కాదు. రెండోది మాది. మా నాయనకు పత్తి మండీ ఉండేది. మండీ మూసిన తర్వాత బొంబాయి దళారి ఇంటికే ఫోను చేసి మరుసటి రోజు ధర చెబుతాడని ఇంట్లో కూడా ఒక ఫోను పెట్టించాడు. పాపం, ఆ దళారికి మా లైను ఎప్పుడూ దొరికేది కాదు. పక్కింటి కోడలు పుట్టింటితో మాట్లాడుతుండేది, ఎదురింటి టైలరు గుంతకల్లులో ఉన్న తమ్ముడితో మాట్లాడుతుండేవాడు (అన్నదమ్ములకు మాటల్లేవని వీధిలో అనుకునేవారు, మాటలు ఉండేవి, అన్నీ తిట్లే). వచ్చినవాళ్లందరికీ మా అవ్వ, అంటే నాయన తల్లి, మజ్జిగ ఇచ్చి మరీ కూర్చోబెట్టేది. నాయన పడసాలలో అటూ ఇటూ తిరుగుతూ ఎవరు ఎప్పుడు పెట్టేస్తారా అని చూసేవాడు. మొహమాటస్థుడు, నోరు తెరిచి లేవమని అనలేడు.

ఇలా ఉండగా ఒక రోజు అవ్వ దుమ్ము దులుపుతూ ఆ నల్ల ఫోనును కింద పడేసింది. రెండు ముక్కలైంది. ఆఫీసు నుంచి కొత్త సెట్టు రావడానికి కొంచెం టైము పడుతుందనీ, తొందరైతే బజారులో సొంతంగా కొనుక్కోవచ్చనీ లైన్‌మన్ చెప్పాడు. సరే, ఆ ఆదివారం నాయన, అవ్వ, అమ్మ, అక్క, నేను, అందరం కలిసి చీరల కొట్టుకు పోయినట్టు ఫోను కొట్టుకు పోయాం. కొట్టాయన మా ముందు రెండు బొత్తాల ఫోన్లు పెట్టాడు. ఒకటి చిలకపచ్చది, ఎంత ముద్దుగా ఉందో! రెండోది ఎర్రది, దాని పక్కన చిన్న తాళం రంధ్రం.

"ఇది ఓపెన్ సెట్టన్నా, ఎవురన్నా చేసుకోవచ్చు. ఇది లాకు సెట్టు. తాళం తిప్పితే వచ్చే ఫోన్లు వస్తాయి, మనము చేసేకి మాత్రం రాదు" అన్నాడు కొట్టాయన.

ఆ మాట వినగానే నాయన ముఖం వెలిగిపోయింది. నోటితో అనలేని మాటను తాళంతో అనిపించవచ్చని అప్పుడే తోచినట్టుంది. "లాకుండేదే కట్టప్పా" అన్నాడు.

"తాళమేసేకి అదేమన్నా బీరువానా రా?" అంది అవ్వ. "ఇంటికొచ్చినోళ్లకు బీగమేసిన ఫోను సూపిస్తే ఏమనుకుంటారు? మజ్జిగ కుండకు గూడా ఏస్తావేమి?"

అమ్మ పచ్చదానివైపు, నేను పచ్చదానివైపు, అక్క కూడా పచ్చదానివైపు. ఓట్లు లెక్కపెడితే పచ్చదే గెలవాలి. కానీ మా ఇంట్లో ఓట్లు లెక్కపెట్టే అలవాటు లేదు. ఎర్ర ఫోను వచ్చింది. దాని తాళంచెవి నాయన మొలతాడుకు ఎక్కింది. ఎవరైనా ఫోను చేసుకోవాలంటే నాయన గోడవైపు తిరిగి, పంచె సర్దుకుని, తాళంచెవి తీసి, వంగి తాళం తిప్పాలి. ఆ తతంగం చూడలేక వీధివాళ్లు రావడం మానేశారు. బొంబాయి దళారి గొంతు మొదటిసారి మా ఇంట్లో హాయిగా వినిపించింది. అవ్వకు మాత్రం మజ్జిగ మిగిలిపోయేది.

అక్కకు అప్పుడే ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. వాళ్లకు చేనేత బట్టల కొట్టు ఉంది. పిల్లవాడు సన్నగా, మర్యాదగా ఉండేవాడు. పెళ్లిచూపుల రోజు తలెత్తి అక్కను ఒక్కసారే చూశాడు, ఆ చూపులోనే చేతిలో కాఫీ చొక్కా మీద పోసుకున్నాడు. అక్క ఆ రాత్రంతా నవ్వుతూనే ఉంది, అందువల్ల ఆమెకూ ఇష్టమేనని అందరికీ తెలిసిపోయింది. నాయనకూ ఇష్టమే. కాకపోతే, "శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దర్శనం చేసుకోనొచ్చి మాట చెప్తాము" అని కబురు పంపాడు. దేవుడికి చెప్పకుండా మనుషులకు చెప్పడం ఆయనకు అలవాటు లేదు.

శ్రావణ సోమవారం పొద్దున్నే నాయన, అవ్వ కిక్కిరిసిన బస్సులో ఉరుకుంద పోయారు. నాయన వెంట మొలతాడు, మొలతాడు వెంట తాళంచెవి. అమ్మ, అక్క, నేను ఇంట్లో ఉన్నాం. పదిన్నర ప్రాంతంలో ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"మీ నాయన ఉన్నాడా?" అని ఎవరో గుసగుసలాడారు.

"లేడు. ఉరుకుందకు పోయినాడు. ఎవురు మీరు?"

"నేను... ఎమ్మిగనూరు నుంచి. ఆ పొద్దు కాఫీ పోసుకుంటి సూడు, నేనే."

నేను రిసీవరు పట్టుకుని అక్కవైపు కళ్లతోనే సైగ చేశాను. అక్క తలుపు చాటుకు పరిగెత్తి అక్కడి నుంచి చెవి మాత్రం బయట పెట్టింది. ఆయన గబగబా చెప్పిన సంగతి ఇది. గద్వాల నుంచి వేరే సంబంధం వాళ్లు మధ్యాహ్నం బస్సుకు వస్తున్నారు. తీసుకొస్తున్నది ఆయన సొంత మేనమామ. ఆ లోపల మా ఇంటి నుంచి పెద్దవాళ్లు ఎవరైనా వాళ్ల కొట్టుకు ఫోను చేసి 'మాకు సమ్మతమే' అంటే వాళ్ల నాయన మాటకు కట్టుబడతాడు, లేకపోతే మేనమామ మాట తీసెయ్యలేడు.

"మీ నాయనకు నువ్వే చెప్పరాదా, ఈ పిల్లనే చేసుకుంటానని?" అన్నాను.

"నేనా? మా నాయనతోనా?" అన్నాడు ఆయన, పులి బోనులోకి పోయి పాలు పితకమన్నట్టు. అంతలో ఎవరో వచ్చినట్టున్నారు, ఫోను పెట్టేశాడు.

ముగ్గురం ఎర్ర ఫోను చుట్టూ నిలబడ్డాం. తాళం. వకీలుగారి ఇంటికి పోదామంటే ఆయనకూ పెళ్లికి ఎదిగిన కూతురుంది, ఎమ్మిగనూరు అబ్బాయి మీద వాళ్లకూ కన్నుందని వీధిలో వినికిడి. పోస్టాఫీసుకు పోదామంటే అక్కడ అందరి ముందూ నిలబడి మాట్లాడాలి. "పెండ్లి మాట పెండ్లోళ్ల కంటే ముందు ఆదోనంతా ఇంటాది" అంది అమ్మ. పోనీ మండీకి నడిచి పోయి గుమస్తాతో ఫోను చేయిస్తానంటే, "బండ్లు, ఎద్దులు, హమాలీలు... ఆడపిల్లవి ఒక్కదానివి యాడికి పోతావు?" అని ఆపింది.

అప్పుడు నా బుర్ర వెలిగింది. నాతో ఇంటర్ చదివే ఒక పిల్ల వాళ్లన్న ఎక్స్ఛేంజిలో పనిచేసేవాడు. బొత్తాలు పనిచేయకపోయినా, రిసీవరు పెట్టేచోట ఉండే మీటను అంకెకు తగినన్ని సార్లు టకటకా నొక్కితే నంబరు పోతుందని ఆ పిల్ల ఎప్పుడో చెప్పింది. రెండుకు రెండు నొక్కులు, అయిదుకు అయిదు, సున్నాకు పది. ఎమ్మిగనూరుకు ట్రంకు కాల్ బుక్ చేయడం నాకు రాదు గానీ, మండీకి ఫోను చేస్తే గుమస్తా మాట్లాడతాడు కదా! నాలుక పళ్ల మధ్య పెట్టుకుని మొదలుపెట్టాను. (ఆ హడావుడిలో నేను ఖర్చుపెట్టిన సమయానికి మండీకి నడిచి పోయి టీ తాగి రావచ్చని ఇప్పుడు తెలుస్తోంది.) మండీ నంబరు చివర సున్నా. నేను ఎన్నిసార్లు నొక్కినా పదికి తొమ్మిదే నొక్కేదాన్ని కాబోలు, మొదటిసారి ఒక ఆడమనిషి గొంతు, "హలో, కౌన్?" అంది. పెట్టేశాను. రెండోసారీ ఆమే. మూడోసారి నేను పెట్టేసే లోపలే ఆమె అందుకుంది.

"పెట్టద్దు, పెట్టద్దు! ఎవురమ్మా నువ్వు? చిన్నపిల్ల మాదిరి ఊపిరి పీలుస్తాండావు. ఏం కష్టమొచ్చింది బేటీ?"

ఆ గొంతులో ఏముందో గానీ, నేను ఎర్ర ఫోను దగ్గర నుంచి గద్వాల బస్సు దాకా అంతా చెప్పేశాను. అమ్మ నా భుజం గిల్లుతూనే ఉంది. ఆమె శ్రద్ధగా విని, "మీ నాయన తాళమేసుకోని దేవుడి దగ్గరికి పోయినాడా?" అని పకపకా నవ్వింది. మళ్లీ, "పెండ్లి మాట గుమస్తాతో చెప్పిస్తారా ఎవురన్నా? ఇంట్ల ఆడమనిషి చెప్పాల. మీ అమ్మకియ్యి" అంది.

అమ్మకు ఫోను అంటే భయం. తల మీద కొంగు కప్పుకుని, రిసీవరును తలకిందులుగా పట్టుకుని, "ఆఁ... ఊఁ... మాకందరికీ సమ్మతమేనమ్మా" అని తిరిగి నాకిచ్చేసింది.

"సాలు. పిల్లోని నాయన పేరు, ఎమ్మిగనూరు నంబరు, మీ నంబరు చెప్పు. మా ఫోనుకు తాళాలు గీలాలు లేవు. నేను మాట్లాడి మల్లా మీకు చేస్తా. మీ ఫోనుకు వచ్చేవి వస్తాయి కదా?"

వస్తాయి. ఆ ఎర్ర ఫోను చేయగలిగిన పని అదొక్కటే. ముగ్గురం దాని ముందు కూర్చున్నాం. అక్క తలుపు చాటు వదిలి నా పక్కకు వచ్చి నా చేతిని పిండుతూ కూర్చుంది. పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చినా ఎవరూ లేవలేదు. మధ్యాహ్నం అవుతుండగా ఫోను మోగింది.

"అయిపోయింది బేటీ! ఒప్పుకున్యాడు. ట్రంకు కాల్ ఇప్పుడే దొరికింది, గద్వాలోల్లు ఇంకా దిగలేదంట. భాద్రపదం పోయినాంక నిశ్చితార్థము పెట్టుకుందామన్యాడు, నేను సరే అన్నా. మీరెవరని అడిగితే పెండ్లికూతురు మేనత్తనని చెప్పినా. నిజం చెప్తే నమ్ముతాడా?"

నేను ఆ మాట గట్టిగా చెప్పగానే అక్క అవ్వ మంచం మీద పడి ముఖం దిండులో దాచుకుంది. అమ్మ సంతోషంతో కళ్లు తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఒక్కసారి ఆగిపోయింది. "మేనత్తా? మీ నాయనకు అక్కచెల్లెండ్లు యాడుండారే?"

సాయంత్రం నాయన గుండుతో, అవ్వ ప్రసాదంతో ఇంట్లో అడుగుపెట్టారు. మేం నోరు తెరిచే లోపలే ఫోను మోగింది, నాయనే ఎత్తాడు. ఎమ్మిగనూరు నుంచి కాబోయే వియ్యంకుడు. ఆయన గొంతు పడసాల అంతా వినిపించింది. "మీ చెల్లెలు భలే మాట్లాడిందప్పా! ఎంత మర్యాద, ఎంత పెద్దరికం! మీరు మాకు ఒక్క మాటైనా చెప్పలేదే, చెల్లెలుందని!"

నాయన గుండు నిమురుకుంటూ అమ్మవైపు చూశాడు. అమ్మ రెండు చేతులూ జోడించి తల పైకీ కిందికీ ఊపింది. "అవునవును... ఉంది... ఈడనే ఆదోనిలోనే ఉంది" అన్నాడు నాయన, ఊరు ఒక్కటే సరిగ్గా చెబుతూ.

తర్వాత మొత్తం విని ఆయన మొలతాడుకున్న తాళంచెవిని తడుముకున్నాడు. అవ్వ మాత్రం, "ఈరన్న సామి నాకు కూతురినిచ్చినాడు. మొక్కు తీర్సిన పొద్దే ఇచ్చినాడు" అని ప్రసాదం పొట్లంలో సగం విడిగా తీసి పెట్టింది. మరుసటి రోజు ఆ ప్రసాదం, పూలు, చీర తీసుకుని నాయన, అవ్వ, నేను ఫోనులో ఆమె చెప్పిన గుర్తులు పట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాం. ఆమె భర్తకు పాత బజారులో శనగనూనె వ్యాపారం. గుండ్రటి ముఖం, తాంబూలంతో పండిన నోరు, చేతుల నిండా గాజులు. నాయన మాటలు వెతుక్కుంటుంటే ఆమే, "రా అన్నా, కూసో. చెల్లెలింటికి మొదటిసారి వస్తివి" అంది. మా నాయన కళ్లు తుడుచుకోవడం నేను చూసింది అప్పుడే.

నిశ్చితార్థం రోజు ఆమె బురఖాలో, చేతిలో మిఠాయి బుట్టతో జట్కా దిగింది. వియ్యంకుడు ఆమెనూ నాయననూ మార్చి మార్చి చూశాడు. ఆమె తాపీగా బుట్ట అవ్వ చేతిలో పెట్టి, "ఏమన్నా అట్ల చూస్తావు? ఆ పొద్దు నీతో మాట్లాడిన మేనత్తను నేనే. మాది రక్తం కలిసిన చుట్టరికం కాదు, లైను కలిసిన చుట్టరికం" అంది. వియ్యంకుడు ఎంత గట్టిగా నవ్వాడంటే బయట జట్కా గుర్రం ఉలిక్కిపడింది. ఆ నవ్వులోనే తాంబూలాలు మార్చుకున్నారు. బావ మళ్లీ కాఫీ ఒలకబోశాడు, ఈసారి వాళ్ల నాయన పంచె మీద.

అత్త మా ఇంట్లో అన్ని శుభకార్యాలకూ వచ్చింది. నా పెళ్లిలో మేనత్త చేయాల్సిన పనులన్నీ ఆమే దగ్గరుండి చేసింది. రంజానుకు మా అవ్వ వాళ్లింట్లో ఖీరు తాగి, అందులో మజ్జిగ కంటే పస ఉందని ఒప్పుకుంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడుతోంది. తెలియని నంబరు వస్తే ఎత్తవద్దని మా పిల్లలు నాకు గట్టిగా చెప్పి పెట్టారు. నేనూ సరేనని తల ఊపుతాను. కానీ ఎప్పుడైనా మధ్యాహ్నం పూట ఒక్కదాన్నే ఉన్నప్పుడు అలాంటిది మోగితే చెయ్యి ఆగదు. ఎత్తి, "ఎవరు తల్లీ? ఏం కష్టమొచ్చింది?" అంటాను. అవతలి పిల్ల కాసేపు తడబడి, "మేడమ్, మీకు క్రెడిట్ కార్డు కావాలా?" అంటుంది. వద్దులే అంటాను గానీ, ఆ పిల్లను అన్నం తిన్నావా అని అడగకుండా మాత్రం పెట్టలేను.